నొప్పి లేని పుండు: సవాయి అనుమానం వస్తే ఏం చేయాలి

ఒడిశాలోని బరంపురంలో ఒక చిన్న ల్యాబ్‌లో రక్తం తీసి పరీక్షలు చేయడం నా పని. పద్నాలుగేళ్ళయింది. పర్లాకిమిడి నుంచి, గుణుపురం నుంచి, అటు ఇచ్ఛాపురం నుంచి వచ్చే మన తెలుగువాళ్ళు ఎక్కువగా అనే మాట ఒకటుంది: "వేడి చేసిందండీ." మూత్రంలో మంట వచ్చినా వేడే, చీము కారినా వేడే, ఆ చోట పుండు లేచినా వేడే. ఇక మజ్జిగ, బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు, పొద్దున్నే పఖాళ (నీళ్ళలో నానబెట్టిన చద్దన్నం) మొదలవుతాయి. నెల తిరిగేసరికి పుండు మానిపోతుంది, మజ్జిగ పనిచేసిందనుకుంటారు.

మజ్జిగ వల్ల కాదు. ఆ పుండు మందు వేసినా వేయకపోయినా 3 నుంచి 6 వారాల్లో దానంతటదే మానిపోతుంది, ఆ జబ్బు స్వభావమే అంత. మానింది పైన పుండు మాత్రమే, లోపల క్రిమి రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. సిఫిలిస్ అంటారు దీన్ని, మన పెద్దవాళ్ళు సవాయి అనేవారు. కారణం ట్రెపొనీమా పాలిడమ్ అనే మరమేకులా మెలికలు తిరిగిన సన్నటి బ్యాక్టీరియా, 1905లో జర్మనీలో కనిపెట్టారు. పాతకాలపు రోగం, ఎప్పుడో పోయిందనుకుంటారు చాలామంది. పోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022 ఒక్క ఏడాదిలోనే 80 లక్షల మంది పెద్దవాళ్ళకు కొత్తగా అంటుకుంది. ఒక రక్త పరీక్షతో తెలిసిపోయే జబ్బు, మొదట్లో పట్టుకుంటే ఒక్క రోజు ఇంజెక్షన్‌తో నయమయ్యే జబ్బు, సిగ్గు వల్ల ఏళ్ళకేళ్ళు ఒంట్లో ఉండిపోతోంది. అందుకే ఏం చూసుకోవాలో, ఎక్కడికి పోవాలో, రిపోర్టు ఎలా చదువుకోవాలో వరసగా రాస్తున్నాను.

ముందు సరిగ్గా చూసుకోండి

మంచి వెలుతురులో, తొందర లేకుండా చూసుకోండి. సవాయి పుండు సాధారణంగా ఒక్కటే ఉంటుంది (ఒక్కోసారి రెండు మూడు కూడా రావచ్చు), గుండ్రంగా, అంచులు గట్టిగా, అడుగు శుభ్రంగా ఉంటుంది. వేళ్ళతో పట్టుకుంటే చొక్కా గుండీ పట్టుకున్నట్టు గట్టిగా తగులుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా నొప్పి ఉండదు. గజ్జల్లో బిళ్ళ కడుతుంది, అది కూడా నొప్పి పెట్టదు. నొప్పి లేదు కదా, పెద్దదేం కాదులే అనుకుంటాం, మనవాళ్ళు దెబ్బతినేది అక్కడే. చిన్నచిన్న నీటిపొక్కులు గుంపుగా లేచి భగ్గుమని మండితే అది ఎక్కువగా హెర్పిస్ అవుతుంది, మూత్రనాళం నుంచి చీము కారుతూ మంటగా ఉంటే మనవాళ్ళు సెగ అనే గనేరియా కావచ్చు. వాటికీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. కానీ నొప్పి ఉన్నవాణ్ణి ఆ నొప్పే ఆసుపత్రికి లాక్కొస్తుంది, నొప్పి లేనివాడు ఇంట్లోనే ఉండిపోతాడు.

పుండు మర్మాంగం మీదే రావాలని లేదు. పెదవి మీద, నోట్లో, మలద్వారం దగ్గర కూడా వస్తుంది. ఆడవాళ్ళకు లోపల, గర్భాశయ ముఖద్వారం దగ్గర వస్తే ఎంత చూసుకున్నా కనపడదు. నొప్పి లేదు, కనపడదు, మరి ఎలా తెలియాలి? రక్త పరీక్షే దారి. అందుకే భర్తకు పుండు వచ్చి మానిందంటే భార్య తనకేమీ లేదని ఊరుకోకూడదు.

పుండు మానిన కొన్ని వారాలకు, ఒక్కోసారి కొన్ని నెలలకు, రెండో దశ వస్తుంది. ఒంటి మీద ఎర్రటి, రాగి రంగు మచ్చలు, చాలాసార్లు అరచేతుల్లోనూ అరికాళ్ళలోనూ కూడా. సాధారణంగా దురద ఉండదు. దద్దుర్లు మామూలుగా అరచేతుల్లోకి రావు, అరచేతిలో దురద లేని మచ్చలు కనిపిస్తే మా ల్యాబ్‌లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఇదే. దాంతోపాటు కొద్దిపాటి జ్వరం, గొంతు నొప్పి, నోట్లో తెల్లటి పొరలు, జుట్టు అక్కడక్కడా పురుగు కొరికినట్టు ఊడిపోవడం, మర్మాంగం చుట్టూ తడిగా ఉబ్బిన బుడిపెలు. ఇవన్నీ అందరికీ రావు. వచ్చినవీ వాటంతటవే తగ్గిపోతాయి.

ఆ తర్వాత ఏ లక్షణమూ ఉండదు, ఏళ్ళ తరబడి నివురుగప్పిన నిప్పులా ఉంటుంది. వైద్యం చేయించుకోని కొందరికి పది, ఇరవై, ముప్పై ఏళ్ళ తర్వాత గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం, మెదడు, నరాలు దెబ్బతింటాయి. కంటిచూపు మందగించడం, చెవి వినపడకపోవడం మాత్రం ఏ దశలోనైనా రావచ్చు, వస్తే ఆగకుండా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళండి.

తేదీ లెక్క వేసుకోండి

జబ్బు అంటుకున్న రోజు నుంచి పుండు కనపడడానికి సగటున 21 రోజులు పడుతుంది, 10 రోజుల్లో రావచ్చు, 90 రోజులూ పట్టవచ్చు. కాబట్టి నిన్నటి కలయిక గురించి కాదు, మూడు నెలలు వెనక్కి ఆలోచించండి. ఫోన్‌లో రాసుకోండి: ఎప్పుడు కలిశారు, కండోమ్ వాడారా, పుండు ఎప్పుడు కనిపించింది, ఎప్పుడు మానింది. డాక్టర్ అడిగేది ఇదే. అక్కడికి వెళ్ళాక కంగారులో ఏదీ గుర్తురాదు.

ఎవరికి వచ్చే అవకాశం ఎక్కువ అంటే, కండోమ్ లేకుండా కొత్తవాళ్ళతో కలిసినవాళ్ళకు, ఒకరికన్నా ఎక్కువమందితో సంబంధం ఉన్నవాళ్ళకు, డబ్బిచ్చి వెళ్ళేవాళ్ళకూ ఆ వృత్తిలో ఉన్నవాళ్ళకూ, మగవాళ్ళతో కలిసే మగవాళ్ళకు, ఇంతకుముందు ఏదైనా సుఖవ్యాధి వచ్చినవాళ్ళకు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువగా కనపడుతుంది, సవాయి పుండు ఉంటే హెచ్‌ఐవీ అంటుకోవడమూ తేలికవుతుంది. నోటితో చేసినా అంటుకుంటుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. కండోమ్ ప్రమాదాన్ని బాగా తగ్గిస్తుంది కానీ అది కప్పని చోట పుండు ఉంటే ఆపలేదు.

మన గంజాం, గజపతి జిల్లాల నుంచి సూరత్ మగ్గాలకు, ఇటుక బట్టీలకు వెళ్ళి నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండే కుర్రాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఒకే గదిలో పదిమంది, షిఫ్టుల్లో నిద్ర, జీతం రోజు మందు, ఆ మత్తులో కండోమ్ ఎవరికి గుర్తొస్తుంది. ఇది వాళ్ళను తప్పుపట్టడానికి రాయడం లేదు. పండక్కి ఇంటికొచ్చే ముందో, వచ్చిన వెంటనేనో ఒక్కసారి పరీక్ష చేయించుకోమని చెప్పడానికే. భార్యకు వేరే ఏ సంబంధమూ లేకపోయినా భర్త నుంచి వస్తుంది, భర్తకు భార్య నుంచీ రావచ్చు. మరుగుదొడ్డి వల్ల, కంచం గ్లాసు వల్ల, తువ్వాలు వల్ల, చెరువులో స్నానం వల్ల మాత్రం రాదు.

మందుల షాపుకు పోకండి

పుండు మీద పసుపు, సున్నం, ఎవరో చెప్పిన ట్యూబు, ఏదీ రాయకండి. రాస్తే డాక్టర్‌కు దాని రూపం తెలియకుండా పోతుంది. షాపులో చెప్పి తెచ్చుకున్న నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు మింగితే ఇంకా చిక్కు, జబ్బు పూర్తిగా పోదు, లక్షణాలు మాత్రం దాక్కుంటాయి. స్టేషన్ గోడల మీద గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యం అని పోస్టర్లుంటాయే, అక్కడికి వెళ్ళి వేలు పోసి పొట్లాలు తెచ్చుకున్నవాళ్ళు చివరికి మా దగ్గరికే వస్తారు, అప్పటికి ఏడాది గడిచిపోయి ఉంటుంది.

ఎక్కడికి వెళ్ళాలి, ఏమని చెప్పాలి

జిల్లా ఆసుపత్రుల్లో, మెడికల్ కాలేజీల్లో సుఖవ్యాధులకు విడిగా సురక్షా క్లినిక్ ఉంటుంది. బరంపురం చుట్టుపక్కల వాళ్ళకు ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, గజపతి జిల్లా వాళ్ళకు పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రి, అటు పక్క వాళ్ళకు రాయగడ జిల్లా ఆసుపత్రి, కోరాపుట్ మెడికల్ కాలేజీ. చూడడం, పరీక్ష, మందు అన్నీ ఉచితం. హెచ్‌ఐవీ పరీక్ష చేసే ఐసీటీసీ కేంద్రానికి వెళ్ళినా దారి చూపిస్తారు. వెళ్ళేముందు మాట్లాడాలనుకుంటే 1097కు ఫోన్ చేయండి, డబ్బు పడదు, పేరు చెప్పక్కరలేదు.

భాష గురించి భయపడకండి. బరంపురం ఆసుపత్రుల్లో తెలుగు తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారు. కానీ బోర్డులు ఒడియాలో ఉంటాయి, మనలో చాలామందికి మాట్లాడడం వచ్చినా చదవడం రాదు. చీటీ రాసే కిటికీ దగ్గర "చర్మ ఓ యౌన రోగ" అని అడగండి, అదే చర్మ, సుఖవ్యాధుల విభాగం. లోపల పుండు అని చెప్పాలంటే "ఘా హోఇఛి" అంటే చాలు. క్యూలో అందరి ముందూ ఏం జబ్బని అడిగితే "చర్మం సమస్య" అనండి, అంతకుమించి ఆ కిటికీ దగ్గర చెప్పాల్సిన పని లేదు. గదిలోకి వెళ్ళాక డాక్టర్‌కు మాత్రం ఏదీ దాచకండి. ఎవరితో కలిశారు, ఎన్నిసార్లు, ఎలా కలిశారు అని అడుగుతారు, అది మీ గుణం తూచడానికి కాదు, ఎక్కడెక్కడ చూడాలో తెలియడానికి.

ఆడవాళ్ళకు ఒక మాట. తెల్లబట్ట అని చెప్పి వచ్చేయకండమ్మా. మా ఆయనకు పుండు వచ్చి మానింది అని చెప్పండి. ఆ ఒక్క ముక్కతో డాక్టర్ రాసే పరీక్షలే మారిపోతాయి.

రక్త పరీక్ష

ఖాళీ కడుపుతో రానక్కరలేదు. చేతి నుంచి కొద్దిగా రక్తం తీస్తాం, అంతే. పరీక్షలు రెండు రకాలు.

మొదటి రకం వీడీఆర్‌ఎల్, ఆర్‌పీఆర్. నేను రోజూ చేసేది ఆర్‌పీఆర్, అదెలా ఉంటుందో చెబుతాను. రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన తేటగా సీరమ్ తేలుతుంది. తెల్లటి కార్డు మీద గుండ్రటి గడులుంటాయి, ఒక గడిలో సీరమ్ ఒక చుక్క, దాని మీద బొగ్గుపొడి కలిసిన మందు ఒక చుక్క. మెషిన్ మీద పెట్టి 8 నిమిషాలు తిప్పి లైటు కింద చూస్తాను. చుక్క నున్నగా, బూడిద రంగులో ఉండిపోతే నాన్ రియాక్టివ్, అంటే నెగెటివ్. నల్లటి రవ్వలు విడివిడిగా గడ్డకట్టి కనిపిస్తే రియాక్టివ్, అంటే పాజిటివ్. మైక్రోస్కోపు అక్కరలేదు, మామూలు కంటికే తెలుస్తుంది. రియాక్టివ్ వస్తే సీరమ్‌ను సగానికి సగం పలచన చేస్తూ పోతాం, ఎంత పలచన చేసేదాకా రవ్వలు కనిపిస్తాయో అదే టైటర్, 1:8, 1:16, 1:32 అని రిపోర్టులో రాస్తాం.

రెండో రకం టీపీహెచ్ఏ, లేదా వేలి నుంచి చుక్క రక్తం తీసి చూసే ర్యాపిడ్ కార్డు. ఇవి ఆ క్రిమికి ఎదురుగా ఒంట్లో తయారైన యాంటీబాడీలనే చూస్తాయి. ఒకసారి పాజిటివ్ వస్తే, నయమయ్యాక కూడా చాలామందికి జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటాయి. అందుకే ఒక్క పరీక్షతో తేల్చరు, రెండూ కలిపి చూస్తారు. హెచ్‌ఐవీ పరీక్ష కూడా అప్పుడే చేయించుకోండి. మీరు ఒప్పుకుంటేనే చేస్తారు, మీ అనుమతి లేకుండా ఫలితం బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది.

రిపోర్టు చేతికొచ్చాక

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఏడేళ్ళ కిందట, అప్పుడు వేరే ల్యాబ్‌లో ఉన్నాను, సూరత్ నుంచి వచ్చిన కుర్రాడొకడు నాలుగు రోజుల పుండుతో వచ్చాడు. పరీక్ష నాన్ రియాక్టివ్. "అంటే ఏం లేనట్టే కదా అన్నా?" అన్నాడు. "ఏం లేదు తమ్ముడూ" అన్నాను. రెండున్నర నెలలకు మళ్ళీ వచ్చి బల్ల మీద రెండు చేతులూ వెల్లకిలా పెట్టాడు, అరచేతుల నిండా రాగి మచ్చలు. ఈసారి టైటర్ 1:64. ఇంట్లో భార్యకు ఐదో నెల.

పుండు వచ్చిన కొత్తలో రక్తంలో యాంటీబాడీలు ఇంకా తయారై ఉండవు, పరీక్షకు దొరకడానికి పుండు కనిపించాక ఒకటి నుంచి నాలుగు వారాలు పడుతుంది. అందుకే తాజా పుండు మీద వచ్చిన నెగెటివ్‌ను నమ్మి ఇంటికెళ్ళిపోకండి, రెండు మూడు వారాలకు ఒకసారి, కలిసిన రోజు నుంచి మూడు నెలలు నిండాక ఒకసారి మళ్ళీ చేయించుకోండి. పుండు తీరు చూసి అనుమానం ఉంటే డాక్టర్ రిపోర్టు కోసం ఆగకుండా అప్పుడే ఇంజెక్షన్ ఇస్తారు. అది తొందరపాటు కాదు, పద్ధతే అది. ఆ మాట ఆరోజు నేను చెప్పి ఉండాల్సింది. అప్పటి నుంచి ఏ నెగెటివ్ రిపోర్టు ఇచ్చినా మళ్ళీ రావలసిన తేదీ కవరు మీద పెన్నుతో రాసి ఇస్తున్నాను.

ఇంకోటి. రెండో దశలో యాంటీబాడీలు మరీ ఎక్కువై పలచన చేయని సీరమ్‌లో రవ్వలు కట్టకుండా నెగెటివ్‌లా కనిపించే సందర్భం ఉంది. మీకు ఒంటి మీద మచ్చలుంటే రక్తం తీసేవాళ్ళకు చెప్పండి, పలచన చేసి కూడా చూస్తారు.

దీనికి ఎదురుది కూడా ఉంది. జబ్బు లేకుండానే వీడీఆర్‌ఎల్ రియాక్టివ్ రావచ్చు. మలేరియా, కుష్ఠు, లూపస్ వంటి జబ్బుల్లో, గర్భంతో ఉన్నప్పుడు, పెద్దవయసులో అలా వస్తుంది. ఎక్కువగా 1:8 కన్నా తక్కువ టైటరే ఉంటుంది. మన కొండ ప్రాంతాల్లో, రాయగడ, గజపతి, కోరాపుట్ వైపు, మలేరియా కొత్తేమీ కాదు. ఈమధ్య జ్వరం వచ్చి తగ్గి ఉంటే డాక్టర్‌కు చెప్పండి. వీడీఆర్‌ఎల్ ఒక్కటే రియాక్టివ్ వచ్చిందని ఇంట్లో గొడవ పెట్టుకుని పెళ్ళాన్ని పుట్టింటికి పంపేసినవాణ్ణి చూశాను. తర్వాత టీపీహెచ్ఏ నెగెటివ్ వచ్చింది. రెండో పరీక్ష వచ్చేదాకా ఎవరినీ ఏమీ అనకండి.

కడుపుతో ఉంటే

మొదటి చెకప్‌లోనే ఈ పరీక్ష చేయించుకోండి, హెచ్‌ఐవీతో పాటు చేస్తారు. ఊళ్ళో తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే మమతా దివస్ నాడు ఆశా దీదీని అడగండి, మీ కార్డులో సిఫిలిస్ ఫలితం రాశారో లేదో మీరే చూసుకోండి. వైద్యం లేకపోతే గర్భం పోవచ్చు, బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, జబ్బుతో పుట్టవచ్చు. పెన్సిలిన్ సమయానికి పడితే వీటిలో చాలావరకు ఆపవచ్చు, కాన్పుకు కనీసం 30 రోజుల ముందైనా పడాలి. గర్భిణికి పెన్సిలిన్ పడదంటే, అంటే అలర్జీ ఉంటే, వేరే మాత్రలతో సరిపెట్టరు, ఆసుపత్రిలో ఉంచి కొద్దికొద్దిగా అలవాటు చేసి అదే ఇస్తారు. ఆ కుర్రాడి భార్యకూ రియాక్టివే వచ్చింది. ఐదో నెలలోనే ఇంజెక్షన్ పడింది, పాప బాగానే పుట్టింది.

ఇంజెక్షన్, ఆ తర్వాత

మొదటి దశల్లో బెంజాథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు ఒక్కసారి, ఎక్కువగా రెండు పిరుదులకు సగం సగం చేసి ఇస్తారు. గుండె వాల్వు జబ్బు ఉన్న పిల్లలకు మూడు వారాలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ ఇదే. మందం మందు కాబట్టి నొప్పిగా ఉంటుంది. జబ్బు పాతదైతే, లేదా ఎప్పటిదో తెలియకపోతే, వారానికొకటి చొప్పున మూడు వారాలు. మధ్యలో సూరత్ రైలెక్కేయకండి. పెన్సిలిన్ పడనివాళ్ళకు, గర్భం లేకపోతే, డాక్సీసైక్లిన్ మాత్రలు 14 రోజులు, పాత జబ్బుకు 28 రోజులు. ఈ డాక్సీ టెట్రాసైక్లిన్ కుటుంబంలోది, ఆ కుటుంబంలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్ 1948లో వచ్చింది, మన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనకు నాయకత్వం వహించిన అమెరికా లెడర్లే సంస్థ నుంచే. తెలుగువాడిగా నాకు చెప్పుకోవాలనిపిస్తుంది.

ఇంజెక్షన్ వేశాక అరగంట అక్కడే కూర్చోండి. మొదటి 24 గంటల్లో చలిజ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చు, క్రిములు ఒక్కసారిగా చావడం వల్ల అలా అవుతుంది, ఒక రోజులో తగ్గుతుంది. మందు పడలేదనుకుని మిగతా ఇంజెక్షన్లు మానేయకండి. ఊపిరి అందకపోతే, ముఖం వాస్తే మాత్రం వెంటనే నర్సును పిలవండి.

మొదటి దశల్లో బయటపడితే గత మూడు నెలల్లో మీతో కలిసినవాళ్ళందరికీ చెప్పాలి, వాళ్ళ పరీక్ష నెగెటివ్ వచ్చినా సాధారణంగా ఇంజెక్షన్ ఇస్తారు. ఇంట్లో ఎలా చెప్పాలో తెలియకపోతే భార్యనో భర్తనో క్లినిక్‌కు తీసుకెళ్ళండి, కౌన్సెలర్ పక్కన కూర్చుని మాట్లాడతారు. ఇద్దరి వైద్యం అయ్యి, పుండ్లు పూర్తిగా మాని, కనీసం వారం గడిచేదాకా కలవకండి. ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళకు మళ్ళీ రాదని లేదు.

మూడో నెల, ఆరో నెల, పన్నెండో నెల మళ్ళీ ఆర్‌పీఆర్. టైటర్ నాలుగో వంతుకు దిగాలి, అంటే 1:32 ఉన్నది 1:8కి రావాలి. కొందరికి నెమ్మదిగా దిగుతుంది, కంగారు వద్దు, కానీ తగ్గింది పెరిగితే వెంటనే డాక్టర్‌కు చూపించండి. ప్రతిసారీ అదే ల్యాబ్‌లో, అదే పరీక్ష చేయించుకోవడం మంచిది, వీడీఆర్‌ఎల్ అంకెను ఆర్‌పీఆర్ అంకెతో పోల్చకూడదు. పనికి వేరే రాష్ట్రం వెళ్ళాల్సి వస్తే రిపోర్టులు, ఇంజెక్షన్ వేసిన తేదీ ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఇదే పరీక్ష ఉచితంగా చేస్తారు, ఆ ఫోటో లేకపోతే మాత్రం అక్కడి డాక్టర్‌కు మీ పాజిటివ్ పాతదో కొత్తదో తెలియక మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు.